తిన్నగా గీసిన వంతెన

మెట్ల వీధి, కొండ మీద
మార్చి 4

సూదిబావా,

నీ ఉత్తరం అందింది. అందడమంటే మామూలుగా అందలేదు. మా కొత్త పోస్టుమాన్ దాన్ని పక్కింటి గేట్లో పడేసి పోయాడు. పక్కింటాయన రెండు రోజులు తన దగ్గర ఉంచుకుని, మూడోనాడు తెచ్చి, "ఇది మీదేమో అనిపించిందండీ" అన్నాడు. కవరు మీద నా పేరు తాటికాయంత అక్షరాలతో ఉంటే ఇంక అనిపించడమేమిటి? మా కాలంలో అయితేనా... వద్దులే. మా కాలం సంగతి ఎత్తితే నీ చెల్లెలు పక్కగదిలోంచి దగ్గుతుంది. అది దగ్గు కాదు, హెచ్చరిక.

మా ఊరు పుట్టి నూట యాభై ఏళ్ళయిందని నాలుగు స్టాంపులు వేస్తున్నారనీ, వాటిని చెక్కడానికి ఇంటి దగ్గర పెన్షను తింటున్న నిన్ను మళ్ళీ పిలిచారనీ చదివి ఇద్దరం సంబరపడ్డాం. చేత్తో ఉక్కు పలక చెక్కేవాడు అచ్చాఫీసులో ఇంకెవడూ మిగల్లేదన్నమాట. గంటస్తంభం, పాత పోస్టాఫీసు, వంతెన, మెట్ల దారి: ఎంపిక బాగానే ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళు నేను కౌంటర్లో కూచున్న పోస్టాఫీసే స్టాంపుకెక్కుతోంది. ఒక్కటే బాధ. నువ్వు నెలల తరబడి కళ్ళు చికిలించుకుని చెక్కుతావు, నాలాంటివాడొకడు తారీఖు ముద్రతో దాని మొహాన ఒక్క గుద్దు గుద్ది మసి పూస్తాడు. అందుకేగా నాకు మసిబావ అని పేరు పెట్టావు. పిల్లనిచ్చి మరీ తిట్టినవాడివి నువ్వొక్కడివే.

"ఫొటోలో అన్నీ ఉంటాయి, ఏది ముఖ్యమో మాత్రం ఉండదు. పిట్ట గీసి పంపితేనే చెక్కుతాను" అని రాశావు చూడు, ఆ ముక్క నీ పిట్ట, అదే నీ చెల్లెలు, నాచేత మూడుసార్లు చదివించుకుంది. అప్పటికప్పుడు సన్న కాగితం, పెన్సిలు తీసింది. నీకు తెలుసుగా తన పద్ధతి. పరీక్షలో పక్కవాడు కాపీ కొడతాడేమోనన్నట్టు చెయ్యి అడ్డం పెట్టుకుని గీస్తుంది. అంతా అయ్యాక కాగితాన్ని కిటికీ అద్దానికి ఆనించి, "ఇప్పుడు చూడండి" అంటుంది. చూశాను. గంటస్తంభం కళ్ళకు కట్టినట్టుంది.

గంటస్తంభం అంటే గుర్తొచ్చింది. దానికి నాలుగు మొహాలు, నాలుగు టైములు. తూర్పు మొహం నమ్ముకున్న మేష్టారు రోజూ పావుగంట ఆలస్యం, పడమటి మొహం నమ్ముకున్న బ్యాంకాయన పావుగంట ముందు. ఇద్దరికీ మధ్యలో కలిసినప్పుడల్లా తగువే. స్టాంపు మీద ఏ టైము ఉండాలని ఉత్సవ సంఘం వాళ్ళు రెండు మీటింగులు పెట్టి ఏమీ తేల్చలేదు. నీ చెల్లెలు ఉత్తరపు మొహాన్ని గీసింది. అది ఇరవై ఏళ్ళ క్రితమే ఆగిపోయింది. "ఆగిపోయినదానితో ఎవరికీ తగువుండదు" అంటుంది.

నువ్వే వచ్చి చూసుకుంటే బాగుండేది. కానీ "కొండెక్కేది మీరే, దిగేది మాత్రం మీరు కాదు" అన్నాడటగా నీ గుండె డాక్టరు. వద్దులే. అక్కడే కూచో. కొండనే కవర్లో పెట్టి పంపిస్తాం.

నీ
మసిబావ

*

అచ్చాఫీసు క్వార్టర్లు
మార్చి 17

మసిబావా,

గంటస్తంభం చేరింది. నీ ఉత్తరంలో నాకు పనికొచ్చే వాక్యాలు ఆరు. మిగతావి భోజనమయ్యాక చదువుకున్నాను.

బొమ్మ బాగుంది. పోస్టుకార్డంత బొమ్మని బొటనవేలంత చేయాలి. అందులో ఏ గీత ఉంచాలో ఏది వదలాలో పిట్ట ముందే తేల్చేసి పంపుతుంది. నాకు మిగిలేది చేతిపని ఒకటే. పలక మూడొంతులు అయింది. ఆఫీసులో నా బల్ల పక్కనే కంప్యూటర్లు పెట్టారు. వాటి ముందు కూచునేవాళ్ళు నన్ను పురావస్తువుని చూసినట్టు చూస్తారు. ఒకమ్మాయి, "తప్పు పడితే ఎలా చెరుపుతారు తాతగారూ?" అంది. ఉక్కుకి రబ్బరు లేదమ్మా అన్నాను. పాపం, నవ్వాలో వద్దో తెలియలేదు.

ఒక్క విషయం. స్తంభం పైభాగంలో రెండు చోట్ల గీత వణికింది. నేను సరిచేసి చెక్కాను. పిట్ట గీత వణకడం నేనెప్పుడూ చూడలేదు. ఒంట్లో బాగుండటం లేదా? సూటిగా రాయి. నీ కథలు వద్దు.

పోస్టాఫీసు బొమ్మ తొందరలేదు. కుదిరినప్పుడే.

సూది

*

మెట్ల వీధి
ఏప్రిల్ 6

సూదిబావా,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. పోస్టాఫీసు బొమ్మ దీంతో పంపుతున్నాను. నీ చెల్లెలికి కాస్త జలుబు. ఈసారి చలి ఏప్రిల్ దాకా సాగింది, వేళ్ళు కొంకర్లు పోతే గీత వణకదా మరి? నాకైతే సంతకమే వణుకుతోంది, అయినా నీలాగా ఎవరూ డాక్టరు ప్రశ్నలు వేయడం లేదు.

పోస్టాఫీసు గీయమంటే గుమ్మం, గోపురం, పెంకుల కప్పూ గీస్తుందనుకున్నాను. తను గీసిందేమిటో చూశావా? కౌంటరు కింద అరిగిపోయిన రాతిమెట్టు. నూరేళ్ళుగా జనం ఒక కాలు దాని మీద వేసి నిలబడి నిలబడి పళ్ళెంలా గుంట పడింది. ముప్పై ఎనిమిదేళ్ళు నేను దానికి లోపలి వైపు కూచున్నాను, నాకెప్పుడూ కనపడలేదు. "మీరు అవతలివాళ్ళ మొహాలు చూస్తూ కబుర్లు చెప్పేవారు, కాళ్ళెందుకు చూస్తారు?" అంది.

నిజమే. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు గానీ, మా కౌంటర్లో వినేవాడికి నేను లోకువ. చలికాలం పొద్దున్నే తలుపు తీస్తే జనం కంటే ముందు పొగమంచు వచ్చి క్యూలో నిలబడేది. దాని వెనక ఒక ముసలాయన. ఆయన రోజూ ఒక కార్డు కొని, అక్కడే రాసి, నాకు చదివి వినిపించి మరీ డబ్బాలో వేసేవాడు. నా చదువంతా అలాంటిదే. బడి నాలుగో క్లాసుతో సరి. మిగతాదంతా కార్డుల మీద నేర్చుకున్నాను. కార్డు లోకానిది, కవరు ఒకరిది. కవరు మాత్రం ఎప్పుడూ ముట్టలేదు. అంటుకోక తెరుచుకుని ఉన్నవి కూడా జిగురు పెట్టి మూసి పంపేవాణ్ణి. ఒకసారి ఒక కవర్లోంచి వెంట్రుకల పాయ బయటికి వచ్చింది... సరే, అది ఇంకోసారి.

తను పడుకుంది. లేచాక నీ పేరు చెబుతాను.

మసిబావ

*

అచ్చాఫీసు క్వార్టర్లు
మే 3

మసిబావా,

నెల దాటింది, మీకు ఒక్క ముక్క రాయలేదు. పోస్టాఫీసు పలక మీద కూచుంటే రోజులు తెలియలేదు. ఆ అరిగిన మెట్టు గుంటలో నీడ తేవడానికే తొమ్మిది రోజులు పట్టింది. రాత్రికి చేతిలో పెన్ను పట్టే ఓపిక ఉండేది కాదు. పిట్ట అలిగిందేమో. నా బదులు నువ్వే నాలుగు తిట్లు తిని సర్దిచెప్పు.

జలుబు తగ్గిందా? అక్కడి నుంచీ ఉత్తరం లేదు. నువ్వు నెల రోజులు నోరు మూసుకుని ఉన్నావంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

ఇక వంతెన. తొందరపెడుతున్నారు. పిట్టకి ఓపిక ఉంటేనే.

సూది

*

మెట్ల వీధి
మే 14

సూదిబావా,

నీ ఉత్తరం అందింది. నీ చెల్లెలు అలగలేదు. వంతెన బొమ్మ ఇదిగో.

తను కులాసాగానే ఉంది. ఈ వంతెన దగ్గరికి పోయి చూసి గీయాలని పట్టుబట్టింది. ఇద్దరం కర్ర పట్టుకుని నెమ్మదిగా వెళ్ళాం. తను రాతి పిట్టగోడ మీద కూచుని గీసింది. నేను పక్కన గొడుగు పట్టుకున్నాను. వంతెనకి ఎడమ చివర కాపలా గది ఉంది చూడు, అది ముఖ్యం, వదలొద్దని చెప్పమంది. కింద వాగు ఈ ఏడు సన్నబడింది. మూడు కమానుల్లో ఒకదాంట్లోనే నీళ్ళున్నాయి. మూడింట్లోనూ ఉన్నట్టే చూపించమంది.

గీతలు వంకరగా ఉంటే ఏమనుకోకు. గాలి ఎక్కువగా ఉంది. కాగితం ఎగురుతుంటే నేనే పట్టుకున్నాను, బహుశా నేనే కదిలించి ఉంటాను.

ఇంతకన్నా విశేషాలు లేవు.

బావ

*

అచ్చాఫీసు క్వార్టర్లు
జూన్ 9

బావా,

ఈ ఉత్తరం నిదానంగా చదువు.

వంతెన పలక పూర్తిచేసి మొన్న నమూనా అచ్చు తీశారు. మా అధికారి ఫొటో పక్కన పెట్టి చూసి, "కాపలా గది ఎడమవైపు కదండీ ఉండాలి?" అన్నాడు. అచ్చులో అది కుడిపక్కన ఉంది. వంతెన మొత్తం తిరగబడింది. నలభై ఏళ్ళలో నేను చేయని తప్పు. అందరూ చూస్తుండగా, "కళ్ళు పోయాయి, వయసు" అని చెప్పి తల దించుకున్నాను. పలక పనికిరాదు.

ఇంటికొచ్చి ఆ బొమ్మ మళ్ళీ చూశాను. తప్పు నా కళ్ళది కాదు.

నీకు తెలియని సంగతొకటి చెబుతాను. మా నాన్న ముద్రలు చెక్కేవాడని తెలుసు కదా. పలక మీద ఏదైనా తిరగేసి చెక్కితేనే కాగితం మీద తిన్నగా పడుతుంది. పదేళ్ళప్పుడు నాకు ఆ తిరగేయడం బుర్రకెక్కేది కాదు. తప్పు పడితే నాన్న బెత్తం తీసేవాడు. అప్పుడు పిట్టకి ఏడేళ్ళు. బల్లకి అవతల కూచుని, ప్రతి బొమ్మా తనే తిరగేసి గీసి బల్ల కింద నుంచి నాకు అందించేది. నేను చూసింది చూసినట్టు చెక్కేసేవాణ్ణి. నాన్న పోయేదాకా నేను గొప్ప తెలివైనవాణ్ణని అనుకున్నాడు.

ఆ రోజు నుంచీ ఈ రోజు దాకా పిట్ట నాకు తిన్నని బొమ్మ ఒక్కటి కూడా పంపలేదు. వేరేవాళ్ళ బొమ్మలకి నేను అద్దం పెట్టుకుంటాను. తన బొమ్మకి పెట్టుకోను. నీకు కిటికీ అద్దానికి ఆనించి చూపించేదని రాశావు. గీసిన వైపు అద్దానికి పెట్టి, నీకు వెనక వైపు చూపించేది. అందుకే నీకు ఎప్పుడూ తిన్నగా కనపడింది.

వంతెన బొమ్మ తిన్నగా ఉంది. అది గీసింది పిట్ట కాదు.

ఎవరు గీశారు? పిట్టకి ఏమైంది?

*

మెట్ల వీధి
జూన్ 14

బావా,

నేనే గీశాను.

నీ చెల్లెలు లేదు. ఏప్రిల్ ఇరవై తొమ్మిదిన పోయింది. మధ్యాహ్నం పూట.

ఫిబ్రవరిలోనే పెద్దాసుపత్రిలో చెప్పేశారు. కడుపులో గడ్డ, కోయడానికి వీల్లేదన్నారు. నీకు చెప్పొద్దని తనే ఒట్టు వేయించుకుంది. నువ్వు కొండెక్కి వస్తావని భయం. పలకలన్నీ అయ్యేదాకా చెప్పొద్దంది. అందుకని చెప్పలేదు. నువ్వు వంతెన అడిగావు. ఏం చేయాలో తోచలేదు. తన పెన్సిలే తీసుకుని, తన కాగితమే తీసుకుని, వంతెన దగ్గరికి పోయి కూచున్నాను. ఏడు కాగితాలు పాడుచేశాను. పంపింది ఎనిమిదోది.

ఇంత పని జరుగుతుందని అనుకోలేదు. నీకు నలుగురిలో తలవంపులు తెచ్చాను.

*

అచ్చాఫీసు క్వార్టర్లు
జూన్ 19

బావా,

నా తలవంపుల సంగతి నువ్వు మాట్లాడకు.

నలభై అయిదు రోజులు చెల్లెలు బతికున్నట్టే నాచేత ఉత్తరాలు రాయించావు. జలుబు తగ్గిందా అని అడిగాను. అలిగిందేమో సర్దిచెప్పమన్నాను. నువ్వు కూచుని చదువుకున్నావు. గొడుగు పట్టుకున్నానని రాశావు. ఆ గొడుగు ఎలా రాయబుద్ధయింది బావా నీకు?

పిట్ట ఒట్టు వేయించుకుందన్న మాట నేను నమ్మను. పుట్టిన దగ్గర్నుంచీ ఒంట్లో ముల్లు గుచ్చుకున్నా ముందు నాకే చెప్పింది. ఇంత పెద్దది నాకు చెప్పొద్దంటుందా?

ఎలా పోయిందో రాయి. ఎవరున్నారు, ఏమంది, నన్ను అడిగిందా లేదా. నీ పక్కింటాయన, నీ పొగమంచు, నీ ముసలాయన ఎవరూ వద్దు. జరిగింది జరిగినట్టు రాయి.

*

మెట్ల వీధి
జూన్ 25

బావా,

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఒట్టు అబద్ధం. తను ఏ ఒట్టూ అడగలేదు.

పోస్టాఫీసు బొమ్మ పంపాక మంచం దిగలేకపోయింది. మంచాన్ని కిటికీ పక్కకి జరిపాను. నొప్పికి రోజుకి రెండు సూదులు. కాంపౌండరు వచ్చి వేసి వెళ్ళేవాడు. ఏప్రిల్ పదకొండున కాస్త తేరుకుని, దిండుకి ఆనుకుని కూచుని, నీకు ఉత్తరం రాసింది. రాయడానికి పూటంతా పట్టింది. తనే కవర్లో పెట్టి తనే అంటించి, "అన్నయ్యకి రాశాను, పోస్టులో వేయండి" అంది. ఏం రాసిందో చెప్పలేదు. నేను అడగలేదు. రమ్మని కాక ఇంకేం రాస్తుంది?

మూల మీద ఎర్రడబ్బా దాకా వెళ్ళాను. కవరు సగం లోపల పెట్టాను. పెట్టి, మళ్ళీ తీసుకున్నాను. ముప్పై ఎనిమిదేళ్ళలో ఎవరి ఉత్తరమూ ఒక్క పూట ఆపలేదు బావా నేను. ఆ రోజు మా ఆవిడ ఉత్తరం ఆపాను. కోటు లోపలి జేబులో పెట్టుకుని ఇంటికొచ్చి, "వేశాను" అన్నాను.

నువ్వు వస్తావని భయపడ్డాను. వస్తే బస్సు మూడో మలుపు తిరక్కుండానే నీకేదో అవుతుందని, ఒక్క నెలలో ఇద్దర్నీ పోగొట్టుకుంటానని భయపడ్డాను. ఇది నిజం. కానీ మొత్తం నిజం ఇది కాదు. నువ్వొస్తే తను నీతోనే మాట్లాడుకుంటుంది. మీ నాన్న బల్ల, మీ చిన్నతనం, నాకు తెలియనివన్నీ. మిగిలిన ఆ కాసిని రోజులూ నాకే కావాలనిపించింది. ఇది కూడా రాయకపోతే జరిగింది జరిగినట్టు కాదు.

తర్వాత పద్దెనిమిది రోజులు బతికింది. రోజూ మధ్యాహ్నం వేళకి మెలకువ తెచ్చుకునేది. సూది వేస్తే నిద్రొస్తుందని, పన్నెండు గంటల సూది రెండు దాటాక వేయమని కాంపౌండర్ని బతిమాలుకునేది. గేటు గడియ చప్పుడైతే మొహం అటు తిప్పేది. నీ అడుగుల చప్పుడు కోసమే అనుకుని, "దారిలో ఉంటాడు, ఆఫీసులో సెలవు దొరకాలిగా" అనేవాణ్ణి. తను ఒకసారి నా వైపు చూసి, మళ్ళీ మొహం గేటు వైపు తిప్పుకునేది.

ఇరవై తొమ్మిదిన ఒంటిగంట దాటాక గడియ చప్పుడైంది. "చూడండి" అంది. అదే ఆఖరి మాట. నేను గేటు దగ్గరికి వెళ్ళాను. కరెంటు మీటరు చూసే అతను. కొత్తగా వచ్చాడట, మా వీధి నంబర్లు అర్థం కావడం లేదన్నాడు. మా వీధి నంబర్లకి ఒక కథ ఉంది. చెప్పడం మొదలుపెట్టాను. అయిదు నిమిషాలు, పది నిమిషాలు, ఎంతసేపో తెలీదు. లోపలికి వచ్చేసరికి లేదు. మొహం గేటు వైపే ఉంది.

దగ్గర ఎవరూ లేరు. నేను కూడా లేను.

ఆ కవరు దీంతో పంపుతున్నాను. విప్పలేదు. తారీఖు ముద్ర ఉండదు.

*

(ఆ కవర్లోని ఉత్తరం)

ఏప్రిల్ 11

అన్నయ్యా,

తిరగేసి రాసే ఓపిక లేదురా, తిన్నగానే రాస్తున్నాను. అయినా ఫరవాలేదు, ఈయన ప్రాణం పోయినా కవరు విప్పడు.

నాకు బాగాలేదు. బాగుపడేది కాదు. ఈయన నీకు జలుబని రాసి ఉంటాడు, అడిగినవాళ్ళందరికీ అదే చెబుతుంటే విన్నాను. చెప్పలేక చచ్చిపోతున్నాడు పాపం, ఏమనకు.

నువ్వు మాత్రం రావద్దు. నా మీద ఒట్టు. ఈయన కంగారుపడి రమ్మని రాసినా రావద్దు. నేను పోయాననే కబురొచ్చినా కొండెక్కొద్దు. నిన్ను మోసుకు దిగే ఓపిక ఇక్కడెవరికీ లేదు.

నాకు కావాల్సింది ఒకటే. రోజు మార్చి రోజు రెండు ముక్కలు రాయి. పెద్ద విషయాలు వద్దు. ఇవాళ ఎన్ని గీతలు చెక్కావో, ఎవర్ని కసురుకున్నావో, టీ చల్లారిపోయిందో లేదో, అంతే. మధ్యాహ్నం టపా వేళకి ఎలాగో మేలుకుని ఉంటాను. ఈయన చేత చదివించుకుంటాను. ఈయనకీ గొంతు వాడినట్టుంటుంది. ఈ మధ్య నా మంచం పక్కన కూచుని మాట్లాడటం మానేశాడు, అదే నాకు భయంగా ఉంది.

వెంటనే రాయడం మొదలుపెట్టు. ఎన్ని అందుతాయో తెలీదు.

పిట్ట

*

అచ్చాఫీసు క్వార్టర్లు
జులై 2

మసిబావా,

కవరు అందింది. చదివాను.

నువ్వనుకున్నదే. రమ్మనే రాసింది. ఉన్నపళంగా బయల్దేరి రమ్మంది. ఆ ఉత్తరం ఏప్రిల్లో అంది ఉంటే, డాక్టరు కాదు గదా ఎవరు అడ్డం పడుకున్నా వచ్చేవాణ్ణి. మూడో మలుపు కూడా చేరకుండానే పోయేవాణ్ణి. కాబట్టి నువ్వు ఆపడంలో నీ లెక్క తప్పలేదు. ఈ విషయం మనిద్దరి మధ్య ఇంక ఎత్తొద్దు. ఉత్తరం నా దగ్గరే ఉంటుంది. చూపించమని అడగకు. అది నాకు రాసింది.

క్షమించానని రాద్దామని రెండు కాగితాలు పాడుచేశాను. ఆ మాట చేతికి రావడం లేదు. వచ్చినప్పుడు రాస్తాను.

మీటరు అతని సంగతి మాత్రం పదే పదే తలుచుకోకు. దగ్గర ఎవరూ లేరన్నావు. గేటుకీ ఆ కిటికీకీ పది అడుగులు. నువ్వు వాగుతుంటే వీధి చివరికి వినపడుతుంది. నలభై ఏళ్ళుగా పిట్ట నీ గొంతు వింటూనే నిద్రపోయింది. ఆ రోజూ అంతే.

వంతెన పలక మళ్ళీ మొదలుపెట్టాను. నీ బొమ్మే, ఈసారి అద్దం పెట్టుకుని. నీ కమానులు మూడూ మూడు కొలతల్లో ఉన్నాయి. ఎలా ఉన్నవి అలాగే చెక్కుతున్నాను. మా అధికారి అడిగితే, పాత వంతెన, అలాగే ఉంటుందని చెప్పాను. మెట్ల దారి కూడా నువ్వే గీసి పంపు. తిన్నగానే గీయి.

ఇవాళ ఇరవై రెండు గీతలు అయ్యాయి. కంప్యూటరు అమ్మాయిని ఊరికే కసురుకున్నాను, తర్వాత బాధేసింది. టీ చల్లారిపోయింది.

ఎల్లుండి మళ్ళీ రాస్తాను. రెండు ముక్కలే ఉంటాయి. మధ్యాహ్నం టపాకి వస్తాయి.

సూది